టొరొంటెస్ తియ్యటి వైనా?

కాదు, అర్జెంటీనా వైట్ వైన్ టొరొంటెస్ మల్లెపూల వాసన వేసినా, చాలావరకు సీసాల్లో తీపి దాదాపు ఉండదు. ఆ పరిమళం ద్రాక్ష తొక్కలోని టెర్పీన్లు అనే సువాసన పదార్థాలది, మస్కట్ ద్రాక్ష నుంచి వచ్చిన వారసత్వం. చక్కెరంతా పులిసేటప్పుడు ఆల్కహాల్‌గా మారిపోతుంది. సాల్టా రాష్ట్రంలో, సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉన్న కఫాయాతేలో రాత్రిపూట చలి ద్రాక్షలో పులుపు తగ్గకుండా కాపాడుతుంది. అందుకే అక్కడి వేడి వేడి ఎంపనాడా (గొడ్డుమాంసం, బంగాళాదుంప, జీలకర్ర కూరిన కజ్జికాయలాంటిది) తింటూ తాగితే అద్భుతంగా కుదురుతుంది. నోట్లో జిడ్డును ఆ పులుపు కడిగేస్తుంది. చాలామంది వాసన చూసి స్వీట్లతో తాగుతారు. అప్పుడు వైన్ పుల్లగా, చివర్లో చేదుగా అనిపిస్తుంది. 8 నుంచి 10 డిగ్రీలకు చల్లబరిచి, ఉప్పూకారం తగిలిన వాటితో తాగి చూడండి.