ఒక్కో రోజు ఒక్కటే మార్చండి

ప్రశ్న: మేస్టారూ, మాది పర్లాకిమిడి. కొమ్ముతో బొమ్మలు చేసే మా చిన్నాన్న దుకాణానికి ఒక సైటు, మా వీధిలోని ట్యూషన్ సెంటరుకి ఒకటి, నా సొంతానికి ఒక వర్డ్‌ప్రెస్ బ్లాగు ఉన్నాయి. మూడూ ఒకే వీపీఎస్‌లో (అద్దె సర్వరు), సీప్యానెల్ (సర్వరుని సర్దుకునే ప్యానెల్) మీద, పీహెచ్‌పీ (సైటు కోడు రాసిన భాష) 7.4తో నడుస్తున్నాయి. మొదటి రెండూ రాసిచ్చిన కుర్రాడు ఉద్యోగానికని హైదరాబాదు వెళ్ళిపోయాడు. పోయిన వారం ధైర్యం చేసి మూడింటినీ 8.3కి మార్చాను, అదే ఊపులో డేటాబేసు మైఎస్‌క్యూఎల్‌ని కూడా 8కి ఎక్కించాను. బ్లాగు బాగానే ఉంది. ట్యూషన్ సైటు 500 ఎర్రర్ (సర్వరు లోపల తప్పు జరిగిందని) చూపించింది, బొమ్మల సైటు తెల్ల పేజీ అయిపోయింది. భయం వేసి పీహెచ్‌పీని మళ్ళీ 7.4కి తెచ్చేశాను. సైట్లు తెరుచుకున్నాయి గానీ బొమ్మల సైటులో తెలుగు, ఒడియా అక్షరాలన్నీ పిచ్చి గుర్తుల్లా కనిపిస్తున్నాయి. ఇక ఇలా వదిలేయడమే మంచిదంటారా?

జవాబు: వదిలేయకండి తమ్ముడూ. ఇది చదివిన వెంటనే మాత్రం ఒక పని చేయండి: బొమ్మల సైటులో ఆర్డరు ఫారం ఆపేయండి. ఎందుకో చెబుతాను.

మీరు చూస్తున్న పిచ్చి గుర్తుల్ని ఒకసారి దగ్గరగా చూడండి. నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తు, లేదంటే ప్లస్ కింద మైనస్ పెట్టిన గుర్తు పదే పదే వస్తున్నాయా? అయితే అది మీ తెలుగే, ఎక్కడికీ పోలేదు. యూటీఎఫ్-8 అని, అన్ని భాషల అక్షరాలనీ దాచే పద్ధతి ఒకటుంది. అందులో మన అక్షరమైనా, గుణింతపు గుర్తైనా ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. ఆ మూడింటినీ కలిపి ఒక అక్షరంగా కాకుండా, విడివిడిగా మూడు అక్షరాలుగా చదివితే ఇలాగే కనబడుతుంది. ఒడియాకి కూడా మొదట వచ్చేది ఆ గీత ‘ఎ’నే, కానీ తర్వాత డిగ్రీ గుర్తు ఉండదు, చిన్న కొక్కెం లాంటిది ఉంటుంది. మన సరిహద్దు ఊళ్ళలో రెండు భాషల సైట్లు చూసీ చూసీ, ఏ ముక్క తెలుగుదో ఏది ఒడియాదో ఆ చెత్తలోనే పోల్చుకోవడం నాకు అలవాటైపోయింది.

జరిగింది ఇది. డేటాబేసులో పాత టేబుళ్ళు లాటిన్-1 అనే, ఇంగ్లీషు లాంటి భాషలకే సరిపోయే అక్షర పద్ధతిలో తయారయ్యాయి. మైఎస్‌క్యూఎల్ 5.7 దాకా సర్వర్ డిఫాల్టు కూడా లాటిన్-1 కాబట్టి, లోపలికి వెళ్ళిన బైట్లు వెళ్ళినట్టే బయటికి వచ్చేవి, ఎవరికీ ఏ తేడా తెలిసేది కాదు. 8లో డిఫాల్టు యూటీఎఫ్-8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8 పూర్తి రూపం) అయింది. సైటుకీ డేటాబేసుకీ మధ్య కనెక్షన్ ఏ అక్షర పద్ధతిలో ఉండాలో మీ కుర్రాడు కోడులో రాసినట్టు లేడు, అందుకని అది సర్వర్ చెప్పిన కొత్త పద్ధతిలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు డేటాబేసు ‘ఇవి లాటిన్ అక్షరాలు’ అనుకుని ఒక్కో బైటునీ మార్చి ఇస్తోంది.

పాత ఆర్డర్లకి ఏమీ కాలేదు. నా బెంగంతా కొత్తవాటి గురించే. ఈ వారం రోజుల్లో ఎవరైనా పేరు, ఊరు తెలుగులో టైపు చేసి ఉంటే, లాటిన్-1గా ఉన్న టేబులు కాలమ్‌లో (నిలువు వరసలో) ఆ అక్షరాలకి చోటు లేదు. సెట్టింగుని బట్టి ఆర్డరు అసలు ఎక్కకపోయి ఉండాలి, లేదా అక్షరానికొక ప్రశ్నార్థకం పడి ఉండాలి. ప్రశ్నార్థకాలుగా పడ్డవి తిరిగి రావు. అంకెలకి ఈ గొడవ అంటదు, ఫోన్ నంబర్లు భద్రంగా ఉంటాయి. ఆ వరసలు వెతికి, వాళ్ళకి ఇవాళే ఫోన్ చేసి పేరు, చిరునామా మళ్ళీ రాసుకోండి. డబ్బు కట్టి బొమ్మ కోసం ఎదురుచూసే మనిషిని అలా వదిలేయకూడదు.

ఇక బాగుచేయడం. డేటాబేసు మొత్తం బ్యాకప్ తీసి, వేరే పేరుతో నకలు పెట్టుకుని, ముందు దాని మీదే ప్రయత్నించండి. తెలుగు, ఒడియా ఉన్న ఒక్కో కాలమ్‌నీ ముందు బైనరీ రకానికి మార్చాలి: టెక్స్ట్ అయితే బ్లాబ్, వర్‌చార్ అయితే వర్‌బైనరీ. ఆ తర్వాత యూటీఎఫ్-8ఎంబీ4 ఉన్న టెక్స్టుగా లేదా వర్‌చార్‌గా తిరిగి మార్చాలి. మధ్యలో బైనరీ ఎందుకంటే, అక్కడ డేటాబేసు అక్షరాల జోలికి పోదు, బైట్లు కదలవు. ఆ అడుగు దాటేసి నేరుగా మార్చారా, చెత్త చెత్తగానే స్థిరపడిపోతుంది. చివరగా కోడులో కనెక్షన్ తెరిచిన వెంటనే అక్షర పద్ధతి యూటీఎఫ్-8ఎంబీ4 అని ఒక లైను రాయండి. అంతా సరిపోయాకే ఫారం తెరవండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. పీహెచ్‌పీ 7.4కి సెక్యూరిటీ సవరణలు 2022 నవంబరు 28తో ఆగిపోయాయి. 8.3కి 2027 డిసెంబరు 31 దాకా వస్తాయి. కాబట్టి మీరు ఎంచుకున్న వెర్షన్ సరైనదే. ఒకే రోజున మూడు సైట్లనీ, డేటాబేసునీ కలిపి మార్చడం దగ్గరే చిక్కు వచ్చింది. పైగా మీకు తెలియకుండా ఇంకొకటి కూడా మారి ఉంటుంది, దాన్ని హ్యాండ్లర్ అంటారు.

బరంపురం బస్టాండు దగ్గరి టిఫిన్ హోటలు అనుకోండి. ఆర్డరు తీసుకునే సర్వరు అపాచీ, అంటే చూడవచ్చినవాళ్ళకి పేజీ అందించే ప్రోగ్రాము. లోపల పొయ్యి దగ్గర ఉన్న వంటమాస్టారు పీహెచ్‌పీ. చీటీ లోపలికి ఎలా వెళ్ళాలి, వంట ఎవరి పేరు మీద జరగాలి అనేది హ్యాండ్లర్. పాత డీఎస్ఓ పద్ధతిలో పీహెచ్‌పీ అపాచీ కడుపులోనే ఉంటుంది, పని ‘నోబడీ’ అనే యూజరు పేరు మీద జరుగుతుంది. సర్వర్ మొత్తానికి ఒక్క వెర్షన్‌కే ఆ వీలుంది. 7.4 డీఎస్ఓలో ఉండి ఉంటే, 8.3 వేరే హ్యాండ్లర్‌తో వచ్చి ఉండాలి, అప్పుడు పని మీ అకౌంటు పేరు మీద జరుగుతుంది. అలాంటి కొన్ని హ్యాండ్లర్లలో 777 పర్మిషన్ ఇచ్చిన ఫోల్డరు కనబడితే ‘ఎవరైనా ఇందులో రాయగలరు, నేను నడపను’ అని 500 చూపిస్తుంది. మీ ట్యూషన్ సైటులో నోట్సు పీడీఎఫ్‌లు ఎక్కించే ఫోల్డర్లు చూడండి. ఫోల్డర్లకి 755, ఫైళ్ళకి 644 ఉండాలి, అంటే సొంతదారు మాత్రమే రాయగలడు. నోబడీ పేరున ఉన్న ఫైళ్ళని మీ యూజరు పేరుకి మార్చాలి.

ఇది నా నెత్తి మీదికి వచ్చి తెలుసుకున్న సంగతి. కొన్నేళ్ళ కిందట ఇక్కడ ఒక పట్టుచీరల దుకాణం సైటు చూసేవాణ్ణి. దసరా ముందు రద్దీ తట్టుకోవాలని ఒకే రాత్రి డీఎస్ఓ తీసేసి, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్ అనే హ్యాండ్లర్ పెట్టి, అపాచీ పనిచేసే పద్ధతిని ప్రీఫోర్క్ నుంచి ఈవెంట్‌కి మార్చి, పీహెచ్‌పీ వెర్షన్ కూడా పెంచేశాను. రాత్రి పదకొండుకి సైటు పడిపోయింది. తెల్లవారుజామున నాలుగు దాకా ఒకటి తీసి ఒకటి పెడుతూ కూర్చున్నాను. చివరికి ఎర్రర్ లాగ్ (తప్పులన్నీ నమోదయ్యే ఫైలు) చదివితే దొరికింది ఒకే ఒక్క లైను: అపాచీకి ఆదేశాలు రాసే హెచ్‌టీయాక్సెస్ ఫైలులో పీహెచ్‌పీ-వేల్యూ అని మొదలయ్యే అప్‌లోడ్ సైజు సెట్టింగు. డీఎస్ఓ ఉన్నంతవరకే అపాచీకి ఆ మాట అర్థమవుతుంది. అది పోయాక తెలియని మాట కనబడి మొత్తం సైటునే ఆపేసింది. ఆ సెట్టింగుని పీహెచ్‌పీయే చదువుకునే యూజర్-ఐఎన్ఐ ఫైలులోకి మార్చాను, సైటు లేచింది. ఆ రాత్రి ఒక్కటే మార్చి ఉంటే పది నిమిషాల పని. ఆ దుకాణం పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ ఉదయం ఆయన మొహం నాకింకా గుర్తుంది.

అందుకే మీరు తొందరపడొద్దు. సీప్యానెల్‌లో మల్టీపీహెచ్‌పీ మేనేజర్ ఉన్నదే ఒక్కో సైటుకి ఒక్కో వెర్షన్ పెట్టుకోవడానికి. బ్లాగు 8.3లో బాగానే ఆడింది కాబట్టి ముందు దాన్నొక్కదాన్నే 8.3కి మార్చండి. రెండు మూడు రోజులు లాగ్ చూడండి. పర్మిషన్లు సరిచేశాక ట్యూషన్ సైటుని, పిల్లలకి పరీక్షలు లేని వారంలో మార్చండి. బొమ్మల సైటు చివర. దానికి సబ్‌డొమైన్‌లో ఒక నకలు పెట్టి, దాన్ని మాత్రమే 8.3 చేసి లాగ్ తెరవండి. తెల్ల పేజీ అంటే ఎర్రర్ ఉంది గానీ తెర మీద చూపించడం లేదని అర్థం, లాగులో ఫైలు పేరు, లైను నంబరుతో సహా ఉంటుంది. ‘ఈచ్’, ‘క్రియేట్-ఫంక్షన్’ అనే పాత ఫంక్షన్లని పీహెచ్‌పీ 8.0లో తీసేశారు. అరే (విలువల జాబితా) కానిదాన్ని ‘కౌంట్’ చేస్తే ఇదివరకు హెచ్చరికతో పోయేది, ఇప్పుడు అక్కడే ఆగిపోతుంది. అవేవీ లేకపోతే ఎక్స్‌టెన్షన్లు (పీహెచ్‌పీకి తగిలించే అదనపు భాగాలు) చూడండి. 7.4లో ఉన్న ఎంబీస్ట్రింగ్ 8.3లో విడిగా ఎక్కించుకోవాల్సి ఉండొచ్చు, తెలుగు అక్షరాలు లెక్కపెట్టే కోడుకి అది లేకపోతే కుదరదు.

ప్రతిసారీ ముందు ఈజీఅపాచీ 4లో (అపాచీ, పీహెచ్‌పీ ప్యాకేజీలు ఎక్కించే సీప్యానెల్ సాధనం) ఉన్న ఏర్పాటుని ప్రొఫైల్‌గా సేవ్ చేసుకోండి. తేడా వస్తే అదే ప్రొఫైల్ మళ్ళీ ఎక్కిస్తే ఆ ప్యాకేజీలన్నీ తిరిగి వస్తాయి. డేటాబేసుకి ఆ సదుపాయం లేదు, 8 నుంచి 5.7కి వెనక్కి రావడం బ్యాకప్ లేనిదే అయ్యే పని కాదు. ఆ బ్యాకప్ కూడా సర్వర్లో ఒకటి, ఊరి బయట ఇంకొకటి ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ గజపతి జిల్లా ఎలా అయిపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో హార్డ్‌డిస్కు ఒక్కదాన్నే నమ్ముకోకండి.

ప్రశ్న: నమస్కారమండీ. రాయగడ నుంచి రాస్తున్నాను. వర్డ్‌ప్రెస్ సైటుకి ముందు పీహెచ్‌పీ మార్చాలా, ప్లగిన్లు అప్‌డేట్ చేయాలా?

జవాబు: ముందు వర్డ్‌ప్రెస్, తర్వాత థీమ్, ప్లగిన్లు, ఆఖరున పీహెచ్‌పీ అమ్మా. రెండేళ్ళుగా అప్‌డేట్ రాని ప్లగిన్ ఏదైనా ఉంటే దానికి బదులు ఇంకొకటి చూసుకోండి.

ప్రశ్న: సర్, జయపురంలో మాది చిన్న ప్రింటింగు ప్రెస్సు. సైటుని కొత్త హోస్టింగుకి మార్చాక, పేజీ తెరవబోతే పీహెచ్‌పీ ఫైలు డౌన్‌లోడ్ అవుతోంది. ఎందుకు?

జవాబు: పాత చోటి హెచ్‌టీయాక్సెస్ ఫైలుని ఉన్నదున్నట్టు కాపీ చేసి ఉంటారు. అందులో సీప్యానెల్ తనంతట తాను రాసిన హ్యాండ్లర్ లైన్లు ఉంటాయి, పైనా కిందా ‘ఇది మార్చవద్దు’ అని ఇంగ్లీషులో ఉంటుంది. ఆ వెర్షన్ కొత్త సర్వర్లో లేదు, అందుకని అపాచీ ఫైలుని నడపకుండా అలాగే పంపేస్తోంది. కాపీ ఒకటి దాచుకుని ఆ లైన్లన్నీ తీసేయండి, కొత్త ప్యానెల్‌లో వెర్షన్ మళ్ళీ ఎంచుకోండి. డేటాబేసు పాస్‌వర్డు కూడా వెంటనే మార్చండి. డౌన్‌లోడ్ అయిన ఫైలు ఎవరు తెరిచినా అది లోపల కనబడుతుంది.