సమాధానం: మా సేఫ్‌వే చేతులు మారుతుందా?

ముందు టెన్షన్ తగ్గించుకోండి. సియాటిల్ దగ్గర మీరు పనిచేసే సేఫ్‌వే సూపర్‌మార్కెట్ అప్పట్లో అమ్మకాల జాబితాలో ఉందని, యజమాని మారితే ఉద్యోగం ఏమవుతుందని అడిగారు. ఆ అమ్మకాలకు కారణమైన క్రోగర్, ఆల్బర్ట్‌సన్స్ విలీనమే జరగలేదండి.

సేఫ్‌వే యజమాని ఆల్బర్ట్‌సన్స్‌ను సుమారు 2,460 కోట్ల డాలర్లకు కొంటానని మరో పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ క్రోగర్ 2022 అక్టోబరులో ప్రకటించింది. వ్యాపారాల్లో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, దీన్ని ఆపాలని 2024 ఫిబ్రవరిలో కోర్టుకెక్కింది. డిసెంబరు 10న ఒరెగన్‌లోని ఫెడరల్ కోర్టు, సియాటిల్‌లోని రాష్ట్ర కోర్టు ఒకేరోజు విలీనాన్ని అడ్డుకున్నాయి. మర్నాడే ఆల్బర్ట్‌సన్స్ ఒప్పందం రద్దు చేసుకుంది. పోటీ తగ్గకుండా 579 షాపులను సీ అండ్ ఎస్ అనే సంస్థకు అమ్మాలన్న ప్లాను ఈ విలీనం మీదే ఆధారపడింది కాబట్టి, ఆ జాబితా ఇప్పుడు చిత్తు కాగితమే.

"వాల్‌మార్ట్, కాస్ట్‌కో ఉండగా పోటీ ఎలా పోతుంది?" అన్నారు కదా. కమిషన్ దేశం మొత్తాన్ని ఒకే సంతగా చూడలేదు. ఒక్కో ప్రాంతంలో జనం రోజువారీ సరుకులకు వెళ్లే దుకాణాలెన్ని మిగులుతాయో చూసింది. సీ అండ్ ఎస్ ప్రధానంగా హోల్‌సేల్ వ్యాపారి, అన్ని షాపులు నడపగలదా అన్న అనుమానమూ ఉంది. అది ఉత్త అనుమానం కాదు. 2015లో ఆల్బర్ట్‌సన్స్, సేఫ్‌వే కలిసినప్పుడు మీ వాషింగ్టన్ రాష్ట్రానికే చెందిన హాగెన్ అనే చిన్న సూపర్‌మార్కెట్ సంస్థ ఇలాగే అమ్మకానికి పెట్టిన 146 షాపులు కొని, ఏడాది తిరక్కుండానే దివాలా తీసింది. చీమ ఏనుగును మింగబోయినట్టయింది!

అయితే, వ్యాపారం సాగక ఏ షాపైనా మూతపడొచ్చు, దానికీ ఈ విలీనానికీ సంబంధం లేదు. మీ షాపు సంగతి యూనియన్ ప్రతినిధిని అడగండి.