రాడ్డు మీద గీతలు బాగుచేసే పని నేర్చుకుంటానంటున్నాడు, పంపమంటారా?

ప్రశ్న: మాది చీమకుర్తి. మా ప్రొక్లెయిన్ (తవ్వే యంత్రం) గ్రానైట్ క్వారీల్లో అద్దెకు తిరుగుతుంది. ఈ వేసవిలో బకెట్‌ను కదిపే ఆయిల్ సిలిండర్ రాడ్డుకి గీత పడి ఆయిల్ కారడం మొదలైంది. నెలలో రెండుసార్లు సీలు కిట్టు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు) మార్చినా ఆగలేదు. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో రాడ్డు బాగుచేయించాం. నాతో వచ్చిన మా అబ్బాయి రెండు రోజులూ ఆ షెడ్డులోంచి కదల్లేదు. ఇప్పుడే పది పాసయ్యాడు. ఇంటర్ వద్దు, ఆ షెడ్డులోనే పనికి చేరతానంటాడు. వాళ్లమ్మ ససేమిరా అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: పని మంచిదే, మీవాడికి నచ్చడమూ మంచిదే. షెడ్డులో ఇప్పుడే చేర్చడం మాత్రం వద్దు. ఈ విషయంలో నేను వాళ్లమ్మగారి పక్షమే.

మీ సీలు కిట్లు రెండూ ఎందుకు నిలవలేదో చూడండి. రాడ్డు మీద మెరిసే హార్డ్ క్రోమ్ పూత సాధారణంగా 20 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుకంత మందం కూడా ఉండదు. దానికి రాయి తగిలితే గీత అంచు కత్తిలా లేస్తుంది. రాడ్డు లోపలికీ బయటికీ ఆడిన ప్రతిసారీ ఆ అంచు కొత్త సీలును కోస్తుంది. దుమ్ము తుడిచే వైపర్ కూడా తెగుతుంది. అక్కడి నుంచి గ్రానైట్ పొడి ఆయిల్లో కలిసి వాల్వుల్లోకి, పంపులోకి పోతుంది. గీతను వదిలేసి సీలు మార్చినవాడికి చేతిపని వచ్చు, జబ్బు కనిపెట్టడం రాదు. కనిపెట్టగలిగినవాడికి క్వారీల్లోనే కాదు, సింగరేణి ఓపెన్‌కాస్టుల దగ్గర, పోర్టుల్లో, రోడ్డు పనుల్లో ఎక్కడైనా గిరాకీ ఉంటుంది.

ఆ కనిపెట్టడం గోటితో మొదలవుతుంది. మెషీన్ ఆపి, ప్రెషర్ దించి, రాడ్డు తుడిచి, గీతకు అడ్డంగా గోరు లాగి చూస్తారు. గోరు గీతలో ఆగకపోతే లేచిన అంచును ఆయిల్ స్టోన్‌తో సున్నితంగా దించి, సన్న ఎమెరీ పేపర్‌తో రాడ్డు చుట్టూ తిప్పుతూ నునుపు చేస్తే చాలాసార్లు సరిపోతుంది. నిలువునా రుద్దకూడదు, ఆ గీతల వెంటే ఆయిల్ దారి చేసుకుంటుంది. గోరు ఆగిందంటే పని పెద్దది. రాడ్డును వి-బ్లాకుల (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మల) మీద పెట్టి, తిప్పుతూ, వంగిందేమో డయల్ గేజ్‌తో (ముల్లుతో సన్న తేడాలు చూపే కొలత పరికరంతో) చూడాలి. పాత క్రోమ్ తీసి, లోతున్నచోట వెల్డింగ్‌తో నింపి, గ్రైండ్ చేసి, మళ్లీ క్రోమ్ ఎక్కించి, కొలతకు తెచ్చి పాలిష్ పట్టాలి. రాడ్డు ఉక్కులో మైల్డ్ స్టీల్‌లో కన్నా కార్బన్ ఎక్కువ. ముందుగా వేడిచేయకుండా వెల్డింగ్ పెట్టి, వెంటనే చల్లార్చేస్తే పగుళ్లు వస్తాయి. మీవాడు ఆ రెండు రోజుల్లో ఇదంతా చూసే ఉంటాడు. ఏ పని ఎందుకు చేశారో మాత్రం చూస్తే తెలియదు, చదువుకోవాలి.

అందుకే ఐటీఐలో రెండేళ్ల మెషినిస్ట్ గానీ ఫిట్టర్ గానీ చేయించండి. అందరూ డీజిల్ మెకానిక్ అంటారు, అది ఇంజిన్ల వైపు. ఇతనికి నచ్చింది లోహం, కొలత. నన్నడిగితే మెషినిస్ట్‌కే ఓటు వేస్తాను. తర్వాత అప్రెంటిస్‌షిప్ చేస్తే చేతిలో రెండో సర్టిఫికెట్ ఉంటుంది. లెక్కలు బాగా వస్తే హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పది మీద ఇచ్చే టూల్, డై మేకింగ్ (పనిముట్లు, అచ్చుల తయారీ) డిప్లొమాకు ప్రయత్నించొచ్చు. ఆ సంస్థకు విజయవాడలోనూ కేంద్రం ఉంది. పాలిటెక్నిక్ మెకానికల్ చేసినా ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి తెరిచే ఉంటుంది.

షెడ్డు ఇప్పుడే వద్దనడానికి పెద్ద కారణం రాడ్డుకు క్రోమ్ ఎక్కించే తొట్టి. ఆ తొట్టి నుంచి లేచే తుంపరలో హెక్సావలెంట్ క్రోమియం ఉంటుంది, అది ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుందని రుజువైంది. ఆవిరి లాగే ఫ్యాన్లు, మాస్కులు, గ్లవ్స్ లేని చోటికి పదహారేళ్ల పిల్లాణ్ణి పంపకండి. పెద్దయ్యాక కూడా ఇవి చూసుకునే చేరాలి. ఈ బెడద వల్లే క్రోమ్‌కు బదులు లేజర్ క్లాడింగ్ (లేజర్‌తో లోహాన్ని కరిగించి పూత వేయడం), లోహపు పొడిని వేగంగా చిమ్మే పూతలు వస్తున్నాయి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ ఇలాంటి పూతల మీద ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. మీవాడు పనిలో స్థిరపడేనాటికి అవి మన ఊళ్లకూ రావచ్చు. చదువు ఉంటేనే అందుకోగలడు.

ఇంకొకటి ఇవాళే చెప్పండి. మీ మెషీన్‌లో ఆయిల్ ప్రెషర్ 300 బార్ దాటుతుంది. సన్నగా కారుతున్నచోట చెయ్యి పెట్టి చూడకూడదు, ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. పొరపాటున గుచ్చుకుంటే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఐటీఐ ఎంచుకునే ముందు అబ్బాయిని తీసుకుని వర్క్‌షాపులోకి వెళ్లండి. రాడ్డులాంటి గుండ్రటి ముక్కల్ని కొలతకు అరగదీసే సిలిండ్రికల్ గ్రైండర్ ఉందా, ఉంటే నడుస్తోందా, గుడ్డ కప్పి మూలన పెట్టారా చూడండి. రెండో ఏడాది పిల్లలెవరైనా కనిపిస్తే మైక్రోమీటర్ (సన్న కొలతలు తీసే పరికరం) చూపించి, దీంతో చివరిసారి ఎప్పుడు కొలిచావని అడగండి.