గుర్రానికి తామర వస్తే

అల్లుడూ,

నువ్వు పంపిన గుర్రం ఫోటోలు చూశాను. జీను బెల్టు ఆనే చోట గుండ్రంగా వెంట్రుకలు ఊడి, బూడిదరంగు పొట్టు లేచిందంటే తామరే, అంటే చర్మానికి పట్టే ఫంగసే అయ్యుండొచ్చు. మన వైజాగ్ ఉక్కలో బీచ్ సవారీ అయ్యాక చెమటతోనే కట్టేస్తే ఇంకా పెట్రేగుతుంది. అయినా కంటిచూపుతో తేల్చేయకు. వానకి నానిన గుర్రానికి బాక్టీరియా వల్ల లేచే చెక్కులూ ఇలాగే ఉంటాయి, వాటికి ఫంగస్ మందు పనిచేయదు. పశువుల డాక్టరు చేత మచ్చ అంచు వెంట్రుకలు తీయించి పరీక్ష చేయించు. ల్యాబ్‌లో ఫంగస్‌ని పెంచి చూడాలంటే 2, 3 వారాలు పట్టొచ్చు. ఈలోగా పైపూత మొదలెట్టమంటారేమో అడుగు.

మెడికల్ షాపులో అన్నిటికీ ఒకటే అని చేతిలో పెట్టే ట్యూబు మాత్రం వద్దు. వాటిల్లో చాలావరకు స్టెరాయిడ్ కలిసుంటుంది. ముందు దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల తామర పాకిపోతుంది.

డాక్టరు మైకోనజోల్, క్లోర్‌హెక్సిడిన్ అనే మందులు కలిసిన షాంపూ రాసిస్తే, మచ్చలకే కాదు, ఒళ్లంతా పట్టించి 10 నిమిషాలు ఆగాలి. అందరికీ ఓపిక చచ్చేది అక్కడే. గుర్రం కాలు మారుస్తుంది, తోక విసురుతుంది, నురగంతా నీ మొహాన పడుతుంది. బెల్లం ముక్క చూపిస్తూ వాచీ చూసుకో. కడిగాక పూర్తిగా ఆరనివ్వు. పొట్టు గోళ్లతో గీకొద్దు. ఫంగస్‌కి వాడే గ్రిసియోఫుల్విన్ మాత్రలు ఎవరైనా చెబితే, గుర్రం చూలుతో ఉందేమో ముందు డాక్టరుకి చెప్పు. కడుపులో పిల్లకి అవకరం రావచ్చు.

మందు ఎంత రాసినా సామాను వదిలేస్తే మళ్లీ మొదటికే. ఫంగస్ బీజాలు బ్రష్షుల్లో, దుప్పట్లలో నెలల తరబడి బతుకుతాయి. దుప్పట్లు వేణ్నీళ్లలో ఉతికి ఎండలో వెయ్యి. ప్లాస్టిక్ బ్రష్షుల్ని ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లలో నానబెట్టు. తోలు జీనుకి బ్లీచ్ తగిలిందో, పాడైపోతుంది. దానికేం వాడాలో డాక్టర్నే అడుగు. రెండో గుర్రాన్ని దూరంగా కట్టి, ముందు దాని పని చూసుకున్నాకే దీని దగ్గరికి రా. గ్లవ్స్ మానొద్దు, మనుషులకీ అంటుతుంది.

అందుకే తగ్గేదాకా పిల్లల్ని ఎక్కించకు. ఆదివారం బేరం పోతుందని మీ నాన్న సణిగితే నాకు ఫోన్ చెయ్యమను. ఇంజనాయిలు రాస్తే పోయిందనేవాళ్లు వస్తారు. తామర చాలా గుర్రాలకి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం ఇంజనాయిలుకి వస్తుంది. కొత్త వెంట్రుకలు మొలిచాయని నువ్వు మందు ఆపెయ్యకు, డాక్టరు చెప్పాకే.

వచ్చే వారం అవే మచ్చల పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటోలు తీసి పంపు. పెరుగుతున్నాయో లేదో తెలుస్తుంది.

మావయ్య