ఆటల పీరియడ్, గేటు ముందు చిరుతిళ్లు: కమిటీ ద్వారా అడగండి

మీ అమ్మాయి చదివే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆటల పీరియడ్‌ను లెక్కల పాఠానికి వాడుకుంటున్నారనీ, గేటు ఎదుటే చిప్స్, కూల్‌డ్రింకులు అమ్ముతున్నారనీ, ఒక్కొక్కరుగా అడిగితే ఫలితం ఉండటం లేదనీ రాశారు. విడివిడిగా కాకుండా పాఠశాల యాజమాన్య కమిటీ ద్వారా అడగండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. ఆటస్థలాన్నీ ఆట సామగ్రినీ ఆ చట్టమే పాఠశాల ప్రమాణాలలో చేర్చింది కనుక, ఆటల పీరియడ్‌ను మరో పాఠానికి ఇవ్వరాదని తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయించండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనను అందులో పేర్కొనండి.

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను పాఠశాల గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 నిబంధనలు చెబుతున్నాయి. అయినా ముందుగా ఫిర్యాదుకు వెళ్లవద్దని నా మనవి, ఎందుకంటే ఆ దుకాణమే ఒక కుటుంబానికి జీవనాధారం కావచ్చు. వేయించిన పల్లీలు, జామకాయలు, ఉడికించిన మొక్కజొన్న అమ్మితే మా పిల్లలు కొంటారని తల్లులే నలుగురు వెళ్లి చెప్పి చూడండి.