5600జీలో గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే ముందు ర్యామ్ చూడండి

రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ స్టిక్ ఒక్కటే, గ్రాఫిక్స్ కార్డు లేదు, జీటీఏ 5 ఆగి ఆగి నడుస్తోంది అన్నారు కదా. ప్రాసెసర్‌ మార్చే పని లేదు. దానిలోని వేగా గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. 3200 వేగం ఉన్న స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ అందుతుంది, రెండుంటే 51.2. పైగా ఇప్పుడు విండోస్, గేమ్, గ్రాఫిక్స్ మూడూ ఆ 8 జీబీలోనే సర్దుకోవాలి.

అదే వేగం, వీలైతే అదే మోడల్ ఇంకో 8 జీబీ తీసుకోండి. బోర్డులో నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ఒకటి, రెండు స్లాట్లలో పెట్టేస్తే సింగిల్ చానెల్‌లోనే (రెండు స్టిక్‌లకీ ఒకే దారి) ఉండిపోతుంది, చాలామంది ఇక్కడే పొరబడతారు.

తర్వాత బయోస్‌లో (పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగ్స్) ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి, ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగ్ అది (కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అని ఉంటుంది). లేకపోతే 3200 స్టిక్ కూడా 2133 లేదా 2400 దగ్గరే నడవొచ్చు. ఆన్ చేశాక బూట్ కాకపోతే సీమాస్ క్లియర్ చేసి (బయోస్ సెట్టింగ్స్ మొదటికి తెచ్చి), ర్యామ్ వేగం 3000 పెట్టి చూడండి. బయోస్‌లోనే యూఎంఏ ఫ్రేమ్ బఫర్ (ర్యామ్‌లో గ్రాఫిక్స్‌కి కేటాయించే భాగం) 2 జీబీ చాలు. ర్యామ్ వేగం చూపించే సీపీయూ-జెడ్ యాప్‌లో 1600 అని కనిపిస్తే కంగారు పడకండి, డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి అది సగమే చూపిస్తుంది.

గేమ్ సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ 900పీ, ఎంఎస్ఏఏ (అంచులు నునుపు చేసేది) ఆఫ్, గడ్డి క్వాలిటీ నార్మల్ పెట్టండి.

తర్వాతెప్పుడైనా గ్రాఫిక్స్ కార్డు కొంటే ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం వద్దు. బోర్డుతో డేటా మార్చుకోవడానికి దానికి నాలుగు లేన్లే (దారులే), అవీ పీసీఐఈ 4.0 వేగానికి చేసినవి, మీ ప్రాసెసర్ ఇచ్చేది పీసీఐఈ 3.0. సగం దారి మూసుకుపోతుంది.