ఫైర్ రూల్స్ మా ఊరికి వర్తించవని పంచాయతీ తీర్మానిస్తే చెల్లుతుందా?

ప్రశ్న: మేం ఉప్పల్‌లో ఉంటాం. వికారాబాద్ వైపు అడవిని ఆనుకుని మాకున్న ఎకరం స్థలంలో ఫంక్షన్ హాలు కట్టాలనుకుంటున్నాం. ఫైర్ వాళ్లు ఇంజన్ తిరిగేంత దారి, నీళ్ల సంపు, రెండో గేటు కావాలంటున్నారు. సర్పంచ్ గారేమో ‘అవి సిటీ రూల్స్, మన ఊరికి వర్తించవని తీర్మానం చేశాం, కట్టుకోండి’ అంటున్నారు. కాలిఫోర్నియాలో ఉన్న మా బావమరిది కూడా అక్కడి కౌంటీలు ఇలాగే ఎదురు తిరిగాయని చెప్పాడు. పని మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దండి. ఆ తీర్మానం కాపీ మీ చేతిలో ఉన్నా మిమ్మల్ని కాపాడదు.

పంచాయతీకి అధికారాలు రాజ్యాంగంలోని 243జి అధికరణం కింద శాసనసభ ఇస్తేనే వస్తాయి. అలా ఇవ్వదగ్గ 29 అంశాలు పదకొండో షెడ్యూల్‌లో ఉన్నాయి. గ్రామీణ గృహనిర్మాణం, సామాజిక అడవుల పెంపకం అందులో ఉన్నాయి గానీ అగ్నిమాపక సేవలు లేవు. అవి మున్సిపాలిటీలకు సంబంధించిన పన్నెండో షెడ్యూల్‌లో ఏడో అంశం. అంటే మీ పంచాయతీ తనకు లేని అధికారంతో మినహాయింపు ఇస్తోంది.

ఇక 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ చట్టమే ఇప్పుడు తెలంగాణలోనూ నడుస్తోంది. జనం గుమిగూడే భవనాలకు, అంటే స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటి వాటికి, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు ఉన్నా ఫైర్ శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఉండాలి. రెండిట్లో ఏ ఒక్కటున్నా చాలు. ఎకరం అంటే నాలుగు వేల చదరపు మీటర్ల పైమాటే కాబట్టి, ఒక్క అంతస్తే కడుతున్నామన్న వాదన నిలవదు. అదే మీ కుటుంబం ఉండటానికి మామూలు ఇల్లయితే ఈ ఎన్‌ఓసీ గొడవే లేదు. నివాస భవనాలకు అది 18 మీటర్ల ఎత్తు నుంచి.

మీ బావమరిది చెప్పింది సగం నిజం. కాలిఫోర్నియాలో కార్చిచ్చు ముప్పున్న గ్రామీణ ప్రాంతాల్లో రోడ్డు వెడల్పు, నీటి నిల్వల మీద రాష్ట్రమే కనీస నిబంధనలు పెట్టింది. కౌంటీ అంతకన్నా కఠినంగా పెట్టుకోవచ్చు, సడలించకూడదు. రోడ్ల ఖర్చు భరించలేమన్న కౌంటీలు తమ అభ్యంతరాలను ఆ నిబంధనలు చేసే రాష్ట్ర బోర్డు ముందే పెట్టాయి. పక్కనున్న ఓరెగాన్‌లో 2021 చట్టం కింద కార్చిచ్చు ముప్పు మ్యాప్ తెచ్చి, దాన్నిబట్టి ఇళ్లకు నిబంధనలు పెట్టబోతే జనం, కౌంటీలు గట్టిగా వ్యతిరేకించాయి. 2025లో ఆ మ్యాప్ రద్దయింది. రద్దు చేసింది కౌంటీలు కావు, శాసనసభే.

సర్పంచ్ గారి గోడులో న్యాయం లేకపోలేదు. ఊరి దారి వెడల్పు చేయాలంటే పక్క రైతులు భూమి వదలాలి, ఎవరు వదులుతారు? అందుకని ‘వర్తించవు’ అన్న తీర్మానం బదులు, మా ఊరి పరిస్థితి ఇదీ, ప్రత్యామ్నాయం చూపండి అంటూ కలెక్టర్ ద్వారా ప్రభుత్వానికి విన్నపం పంపమనండి. దానికి విలువ ఉంటుంది.

ఒక్క మాట చెప్పనివ్వండి. మన పెళ్లిళ్లు జోరుగా జరిగేది మాఘం నుంచి వైశాఖం దాకా. అడవి ఎండుటాకులతో నిండి నిప్పుకు సిద్ధంగా ఉండేదీ అప్పుడే. హాలు వెనకాల గాడిపొయ్యి మీద వంటలు, ముందు బాణసంచా. జరగరానిది జరిగితే భారతీయ న్యాయ సంహిత 287 సెక్షన్ (నిప్పు విషయంలో నిర్లక్ష్యం) కింద కేసు మీ మీదే. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రాణం పోతే సెక్షన్లు మారతాయి. ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగేదీ ఎన్‌ఓసీయే. ఆ రోజు తీర్మానం చేసినవాళ్లు మీ పక్కన నిలబడరు.

ప్లాన్ గీయించి ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌ఓసీకి, ఆ తర్వాత భవన అనుమతికి దరఖాస్తు చేయండి. కట్టడం పూర్తయ్యాక, హాలు వాడుకలోకి తెచ్చేందుకు ఆక్యుపెన్సీ ఎన్‌ఓసీ తీసుకోవాలి. అధికారి అడిగేది రూల్‌లో లేదని అనిపిస్తే ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాతపూర్వకంగా ఇమ్మనండి. కారణం లేకుండా తిరస్కరిస్తే, ఆ ఉత్తర్వు మీద రాజ్యాంగంలోని 226 అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. స్థలం అడవిని ఆనుకుని ఉందన్నారు కాబట్టి, పునాది తీయకముందే అటవీ, రెవెన్యూ శాఖలతో జాయింట్ సర్వే చేయించి హద్దులు తేల్చుకోండి.